మనిషికో కుంచం

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు కందిపప్పు వచ్చింది. అరకేజీ ప్యాకెట్టు. దాంతోపాటు కొర్రలు, ఓట్స్, పావుకేజీ వేరుశనగ గుళ్లు, ఒక సొరకాయ. తెచ్చినతను గుమ్మంలో నిలబడి "ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు. కళ్లజోడు పడగ్గదిలో ఉండిపోయింది. ఫోను అతని చేతికే ఇచ్చాను. తనే చూసుకుని, తనే నొక్కుకుని, సంచి అందిస్తూ "ఒక్కరే ఉంటారా అండి?" అని అడిగాడు. ఔనన్నాను.

"అయితే ఆదివారం పెట్టకండి ఆర్డరు. బాగా లేటవుద్ది. ఇలా మామూలు రోజుల్లో పెట్టుకోండి" అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

సంచి తేలికగా ఉంది. అతను ఎందుకలా అడిగాడో అర్థమైంది.

ఈ సరుకులు నేను ఎంచుకున్నవి కావు. మా బాబాయి కూతురు రాజమండ్రిలో ఉంటుంది. వయసులో నాకు చెల్లెలు, షుగరు విషయంలో మాత్రం అక్క. నాకంటే చాలా ముందే వచ్చింది తనకు. మా ఆయన పోయాక నేను వంట సరిగ్గా చేసుకోవడం లేదని, ఒక పూట అటుకులు, ఒక పూట బిస్కెట్లు తిని ఊరుకుంటున్నానని తనకు ఎలాగో తెలిసిపోయింది. అప్పటినుంచి కాకినాడలో ఉన్న నా వంటగదిని రాజమండ్రి నుంచి నడుపుతోంది. ఏ రోజు ఏం వండుకోవాలో, అందుకు ఇంట్లో ఏవి ఉండాలో, ఏవి అసలు గుమ్మం దాటి లోపలికి రాకూడదో వారం వారం ఫోనులో చెబుతుంది. ఆర్డరు కూడా అక్కడినుంచి తనే పెడుతుంది.

"కంచంలో సగం కూరలుండాలక్కా. పావు వంతు పప్పు. అన్నం పావు వంతే. వింటున్నావా?"

"వింటున్నాను."

"పంచదార డబ్బా పనమ్మాయికి ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"నిజం చెప్పు."

"సగం ఇచ్చాను."

ఈ వేళ కూడా సంచి వచ్చిన కాసేపటికే ఫోను చేసింది. "కందిపప్పు కేజీ పెడదామనుకున్నా. మళ్లీ నీకు ఎన్నాళ్లకవుద్ది, పురుగు పడిపోద్దని అరకేజీయే పెట్టా. సరిపోద్దా?"

"సరిపోతుంది" అన్నాను.

ఫోను పెట్టేశాక ప్యాకెట్టు కత్తిరించి సీసాలో పోశాను. పోస్తున్న చప్పుడు ఇలా మొదలై అలా ఆగిపోయింది. సీసా సగం కూడా నిండలేదు. మూత పెట్టబోతూ ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూశాను. ఏ వాసనా లేదు. మా ఇంట్లో కందిపప్పుకు ఆముదం వాసన ఉండేది.

మాది మండపేటలో కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒకటే తలుపు. ఊరి నిండా బియ్యం మిల్లులు కాబట్టి ఏ సందులోకి వెళ్లినా తవుడు వాసన వచ్చేది. మా ఇంట్లో దాని మీద ఇంకా బెల్లం, ఇంగువ, ఎండుమిరపకాయలు, గోనె. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ పట్టుకుని వాసన చూసి "ఇవాళ ధనియాలు" అనేది. ఇంకో రోజు "ఇవాళ వాము" అనేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. ఆ ఇంట్లో వరసలే పేర్లుగా చెల్లేవి.

కొట్టు ఉన్నవాళ్లకు సరుకులు నిలవ చేసుకోవాల్సిన పనేముంటుందని అందరూ అనుకునేవారు. తలుపు తీసి చెయ్యి చాపితే చాలు కదా అని. నాయనమ్మ అలా చాపనిచ్చేది కాదు. "కొట్లో ఉన్నది ఊరిది. మనం తినేది మనం కొనుక్కోవాలి" అనేది. ఏడాదికొకసారి, ఎండలు ముదిరాక, తలుపు దాటి కొట్లోకి వెళ్లి మిగతా గిరాకీల పక్కన నిలబడేది.

"ఏవండీ, ఈ కందిపప్పు ఏ ఊరి నుంచి వచ్చిందండీ?"

"ఏ ఊరైతే నీకెందుకు? మంచిది" అనేవారు తాతయ్య.

"మంచిదో కాదో ఉడికాక నేను చెప్తాను. మచ్చు ఇప్పించండి."

తాతయ్య గుమాస్తా వైపు తిరిగి "ఇవ్వరా బాబూ. ఈవిడంత గట్టి గిరాకీ ఈ జిల్లాలో ఇంకోళ్లు లేరు" అనేవారు.

మచ్చు అంటే చూడటానికి ఇచ్చే గుప్పెడు గింజలు. ఒక్కో బస్తాలోంచి గుప్పెడు తీయించి, కాగితం పొట్లాల్లో తెచ్చి, ఒక్కో రకాన్నీ ఒక్కో చిన్న గిన్నెలో ఉప్పు వేయకుండా ఉడకబెట్టేది. అందరికీ తలో ముద్ద పెట్టి "ఏది?" అని అడిగేది. బాబాయికి అప్పటికింకా పెళ్లి కాలేదు. ప్రతి గిన్నె దగ్గరా "ఇదేనమ్మా, ఇదే" అంటూ రెండేసి ముద్దలు తినేవాడు. అందరం చెప్పింది విని, చివరికి తను అనుకున్నదే కొనేది.

ఏడాది తిండి లెక్క మొత్తం తలలోనే వేసుకునేది. వెనక వరండాలో కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తూ పైకి చెప్పుకునేది. వానల్లో ఉలవలుండాలి. చలికాలానికి నువ్వులు. ఎండల్లో పెసలు, సగ్గుబియ్యం. మినుములు పొట్టుతోనే ఉంచాలి. నూనె తక్కువ కొంటే తక్కువ వాడతాం. నా చెల్లెలు ఫోనులో చెప్పేవి వింటుంటే చాలాసార్లు ఆ వరండా గుర్తొస్తుంది. ఆ మాట ఒకసారి తనతో అన్నాను. "అంత తెలిసినావిడకు మరి షుగరెందుకొచ్చింది?" అని అడిగింది. నోట్లో బెల్లం ముక్క లేకుండా ఆవిణ్ణి నేను చూసింది తక్కువ.

చింతపండు తునిలో ఉండే మేనత్త తెచ్చేది. గోనె సంచితో బస్సు దిగి, రిక్షా మీద వచ్చేది. ఆవిడ వచ్చిందంటే సరుకులు సర్దే రోజులు మొదలైనట్టే. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. చింతపండు, ఉప్పు, మిరపకాయ, బెల్లం కలిపి దంచి పుల్లకు గుచ్చి ఇమ్మని అడిగితే, అమ్మ ఇవ్వనంటే మేనత్త ఇచ్చేది. ఖాళీ చేసి కడిగి ఎండబెట్టిన కందిపప్పు డబ్బా ఒకటి ఉండేది. రేకు డబ్బా, నా భుజం ఎత్తు. దాన్ని ఎండలో నిలబెట్టి ఉంచినప్పుడు, కాలికింద పీట వేసుకుని, అందులో తల పెట్టి ఇంట్లో అందరినీ పిలిచేదాన్ని. నా గొంతే ఎవరో పెద్ద మనిషి గొంతులా తిరిగి వచ్చేది. తల వేడెక్కిపోయేది. అమ్మ వచ్చి జడ పట్టుకుని బయటకు లాగేది.

పురుగు పట్టకుండా పప్పుకు ఆముదం రాసి, ఎండబెట్టి, చల్లారాక ఆ డబ్బాలో పోసే రోజు ఇంట్లో ఒక చిన్న తంతు. కొట్లో అప్పటికే కేజీలు వచ్చాయి. ఇంట్లో నాయనమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి కుంచంతోనే కొలిచేది. ధాన్యం కొలిచేవాళ్లు మా వైపు 'ఒకటి' అనరు. 'లాభం' అని మొదలుపెట్టి, రెండు, మూడు అని సాగుతారు. నాయనమ్మ కూడా మొదటి కుంచం 'లాభం' అనే పోసేది. అది ఇంటికి వచ్చిపోయేవాళ్లకు. ఆ తర్వాత అంకెలుండేవి కావు. మనుషులే.

"వారిది" అని ఒక కుంచం పోసేది. అది తాతయ్యది. ఆయన పేరు ఆవిడ పలకదు. తర్వాత ఏమీ అనకుండా ఒకటి, తనది. "పెద్దాడిది" అంటే నాన్నది. "కోడలిది" అంటే అమ్మది. "చిట్టిది" నాది. "చిన్నాడిది" బాబాయిది. "ఆడపిల్లది" మేనత్త పుట్టింటికి వచ్చినప్పుడు తినేది. అందరి వంతూ అయ్యాక మళ్లీ తాతయ్య దగ్గర మొదలు, బస్తా అయ్యేదాకా. ఎవరి వంతు పోస్తుంటే వాళ్లు "ఆఁ" అని పలకాలి. తాతయ్య కొట్లోంచే, గిరాకీతో మాట్లాడుతూ మధ్యలో ఆపి "ఆఁ" అనేవారు.

బాబాయి ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు. "వారంటే ఎవరమ్మా? పేరు చెప్తేనే కదా పప్పుకు తెలిసేది."

"పప్పుకు తెలుసులే. బస్తా వొంచు."

వాళ్లమ్మ అలా కొలిచేదట, అందుకని ఈవిడా అలాగే కొలిచేది. అంతకు మించి కారణం ఎవరూ అడగలేదు. కొలిచి పోసింది మళ్లీ వెనక్కి తీయకూడదని ఒక నియమం మాత్రం ఉండేది. కొట్లోనూ అదే నియమం. నేను వరండా అంచున కూర్చుని నా వంతు కోసం చూసేదాన్ని. అమ్మ తర్వాత నేనే కాబట్టి, అమ్మ "ఆఁ" అనగానే ఊపిరి బిగబట్టి సిద్ధంగా ఉండేదాన్ని.

నేను చెప్పదలచుకున్న వేసవిలో అమ్మ ఇంట్లో లేదు.

ముందు కాళ్లు వాచాయి. తర్వాత మొహం. ఒకరోజు కుంకుడుకాయలు కొడుతూ కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయింది. నాన్న కాకినాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించారు. ఒంట్లో నీరు చేరిందని చెప్పారు నాకు. ఎప్పుడొస్తుందని అడిగితే ఒక్కొక్కళ్లూ ఒక్కో పని చెప్పేవాళ్లు. మిరపకాయల తొడిమలు తీసేసరికి వచ్చేస్తుందన్నారు. తీయడం అయిపోయింది. ఆవకాయ కలిపేసరికి వస్తుందన్నారు. ఆవకాయ కలిపి, జాడీలకు గుడ్డలు కట్టి, అటక కింద వరసగా పెట్టారు. పప్పు ఎండేసరికి వస్తుంది చూడు, అన్నాడు బాబాయి. పప్పు ఎండింది.

డబ్బాలో పోసే రోజు ఉదయం నాయనమ్మా మేనత్తా మాట్లాడుకోవడం విన్నాను.

"వదిన సంగతి తేలాక కొలుద్దువు గాని అమ్మా. నాలుగు రోజులు ఆగితే ఏం పోద్ది?"

"మబ్బు పడతంది. తడి తగిలితే పప్పు ముక్కిపోద్ది."

"అది కాదే..." మేనత్త నా వైపు చూసి గొంతు తగ్గించింది. తగ్గించినా వినపడింది. "మంచాన ఉన్న మనిషిని పిలిచి కొలుస్తావు. రేపు ఏదన్నా అయితే ఆ పప్పు మనం తినగలమా?"

నాయనమ్మ కుంచం లోపల గుడ్డతో తుడుస్తోంది. "పిలవకుండా కొలిస్తే తినగలవా?" అంది.

మేనత్త వెళ్లి చేట తెచ్చింది.

అప్పటిదాకా అమ్మ ఆసుపత్రిలో ఉందని మాత్రమే నాకు తెలుసు. రాకపోవచ్చునని ఎవరైనా అనుకుంటున్నారని ఆ మాటతోనే తెలిసింది. వరండా అంచున నా చోట కూర్చున్నాను. నాయనమ్మ అమ్మను పిలుస్తుందా, లేక దాటేసి నన్ను పిలుస్తుందా అన్నదొక్కటే నా బుర్రలో ఉంది. పిలిస్తే అమ్మ వస్తుందని, దాటేస్తే రాదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

లాభం అంది. వారిది అంది. కొట్లోంచి "ఆఁ" వచ్చింది. తనది మాట లేకుండా పోసింది. పెద్దాడిది అంది. నాన్న కాకినాడలో ఉన్నారు కనుక బాబాయి పలికాడు. తర్వాత కుంచం నింపి, డబ్బా అంచు మీద ఆనించి, "కోడలిది" అంది.

ఎవరూ పలకలేదు. బాబాయి బస్తా వైపు చూస్తున్నాడు. మేనత్త తల ఎత్తలేదు. నాయనమ్మ కుంచం అలాగే పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత తనే "ఆఁ" అని, పోసేసింది.

"చిట్టిది" అంది. నేను పలకడం మర్చిపోయాను. "పలకవేమే, నిద్రపోతున్నావా?" అని కసిరింది. రెండో చుట్టు నుంచి అమ్మ వంతుకి కూడా నేనే పలికాను.

తర్వాత కొన్నాళ్లకు బాబాయి నన్ను బస్సులో కాకినాడ తీసుకెళ్లాడు. అమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. మొహం వాపు తగ్గి, నాకు తెలిసిన మొహం కొంత వెనక్కి వచ్చింది. ఆ వార్డులో ఫినాయిలు, నారింజ తొక్కలు, తడి తువాళ్లు కలిసిన వాసన. నాన్నా బాబాయీ మందుల కోసం వెళ్లాక, పప్పు కొలిచారని, తనను పిలిచారని అమ్మకు చెప్పాను.

"ఎవరు పలికారు?" అంది అమ్మ.

"ముందు నాయనమ్మ. తర్వాత నేను."

"గట్టిగా పలికావా?"

"కొట్లోకి వినపడింది."

అమ్మ నవ్వింది. నవ్వాక ఆయాసపడింది. "డాక్టరుగారు కందిపప్పు తినొద్దన్నారే నన్ను. నా వంతు నువ్వు తినెయ్."

"అది నీది. నేను తినకూడదు."

"మరెవరు తింటారు?"

"నువ్వొచ్చి తింటావు."

అమ్మ "సరే, ఉంచు" అంది.

ఆ మాట నేను ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను. ఇంటికి వచ్చాక నాయనమ్మ డబ్బా మూత తీసినప్పుడల్లా పక్కకు వెళ్లి నిలబడేదాన్ని. "ఇది ఎవరి వంతు?" అని అడిగేదాన్ని. ఒకరోజు మీ తాతయ్యది అనేది, ఒకరోజు మీ బాబాయిది అనేది. అమ్మది ఎక్కడుందని అడిగితే "అడుగునుంది. అక్కడికి చెయ్యి పోనివ్వనులే" అంది. ఆ తర్వాత నుంచి పప్పు కొంచెం పలచగా ఉండేది. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు తట్టింది.

అమ్మకు పెట్టాల్సిన పథ్యం గురించి నాన్న వచ్చి చెప్పారు. ఉప్పు వద్దు. ఊరగాయలు వద్దు. కందిపప్పు వద్దు, పలచటి పెసరకట్టు కొంచెం ఫరవాలేదు. నాయనమ్మ అంతా విని, ఏడాది సరుకు సర్దేశాక మళ్లీ మొదటినుంచి సర్దడం మొదలుపెట్టింది. వంటగదిలో ఒక అర ఖాళీ చేసింది. పాత బియ్యం, పెసరపప్పు, బార్లీ, ధనియాలు, జీలకర్ర, నీడన ఎండబెట్టిన కరివేపాకు అందులో పెట్టింది. ఉప్పు జాడీని ఆ అర నుంచి దూరంగా, గది రెండో మూలకు మార్చింది. అక్కడితో ఆగలేదు.

"ఏమే, కూరలో ఉప్పు మర్చిపోయావా?" అన్నారు తాతయ్య ఆ రోజు మధ్యాహ్నం.

"మర్చిపోలేదండి. వెయ్యలేదు."

"నేనేం చేశానే?"

"మీరేం చెయ్యలేదు. కోడలు వచ్చేసరికి ఉప్పు లేకుండా తినేటట్టు వండటం నాకు రావాలి కదండీ. మీ మీద నేర్చుకుంటున్నాను."

తాతయ్య ఇంకో రెండు ముద్దలు తిన్నారు. "కొత్తిమీర ఇంకాస్త వేసి చూడు. దించాక నిమ్మకాయ పిండు" అన్నారు. అలా కొన్ని వారాలు ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే. బాబాయి చొక్కా జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని భోజనానికి వచ్చేవాడు. నాయనమ్మ అటు తిరిగినప్పుడు నా కంచంలో కూడా చిటికెడు పడేది. ఆవిడకు తెలియదనుకునేవాళ్లం. ఒకరోజు అటే తిరిగి ఉండి, "పిల్లదానికి ఎక్కువెయ్యకురా" అంది.

శ్రావణంలో అమ్మ ఇంటికి వచ్చింది. సన్నగా, తెల్లగా వచ్చింది. నేను అనుకున్నట్టే జరిగింది. పిలిచారు, వచ్చింది. కొన్నాళ్లు నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

వంటగది గుమ్మం దగ్గర పీట వేసి నాయనమ్మే వడ్డించేది. "అత్తయ్యా, చారు బాగుందండి" అంది అమ్మ మొదటి రోజు.

"నిజం చెప్పు."

"ఉప్పుంటే ఇంకా బాగుండేది."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది తక్కువ.

ఒక మధ్యాహ్నం అమ్మ ఒక్కతే లేచి వచ్చి కందిపప్పు డబ్బా మూత తీసింది. గుప్పెడు తీసుకుని వాసన చూసింది. "ఆముదం బాగా పట్టింది ఈ ఏడు" అంది, నాతోనో తనతోనో. గుప్పెట్లోవి మళ్లీ డబ్బాలోకి వదిలి మూత పెట్టింది.

చలికాలంలో మళ్లీ కాకినాడ తీసుకెళ్లారు. ఈసారి నన్ను బస్సెక్కించలేదు. అమ్మ తిరిగి రాలేదు.

ఆ అరలో ఉన్నవాటిని నాయనమ్మ ఎవరికీ పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. తన మట్టుకు వేరే గిన్నెలో ఉప్పు లేకుండా వండుకుని, ఆ బియ్యం, ఆ పెసరపప్పు, ఆ బార్లీ అన్నీ అయ్యేదాకా ఒక్కతే తింది.

మళ్లీ ఎండలు వచ్చాయి. మేనత్త చింతపండు సంచితో బస్సు దిగింది. డబ్బా కడగడానికి బాబాయి దాన్ని పెరట్లోకి దొర్లించబోతుంటే బరువుగా కదిలింది. నేను పీట వేసుకుని మూత తీసి తల పెట్టాను, ఎప్పట్లాగే పిలుద్దామని. డబ్బా ఖాళీగా లేదు. అడుగున పప్పు ఉంది. అలవాటుగా ఒక పిలుపు నోట్లోంచి వచ్చింది గాని, ఆ పెద్ద గొంతు తిరిగి రాలేదు.

ప్రతి ఏడూ కొత్త పప్పు వచ్చే వారానికి పాతది సరిగ్గా అయిపోయేది. అదే నాయనమ్మకు గొప్ప. ఆ ఏడు మిగిలింది. ఎందుకు మిగిలిందో అక్కడ నిలబడ్డ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాతదాని మీద కొత్తది పొయ్యకూడదు. కొలిచి పోసింది వెనక్కి తీయకూడదు. ఈ రెండు నియమాలూ నాయనమ్మవే, రెండూ ఒక్కసారి ఎదురయ్యాయి.

"గుళ్లో ఇచ్చేద్దామా అమ్మా?" అంది మేనత్త.

"ఇంట్లో మనిషిది గుళ్లో ఎందుకు? వండుదాం."

చేటలో పోసి చెరిగింది. పొయ్యి మీద పెట్టింది. ఏడాది దాటిన పప్పు తొందరగా ఉడకదు. మంట ఎగదోస్తూ, నీళ్లు పోస్తూ, గరిటెతో మెదిపి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆ రోజు భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. తాతయ్య కొట్టు గుమాస్తాకు అప్పగించి వచ్చి కూర్చున్నారు. నాన్న, బాబాయి, మేనత్త, నేను. ముద్దపప్పులో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు. బాబాయి చెయ్యి జేబులోకి పోలేదు. నాన్న అన్నంలో కలుపుకుని, తల వంచుకుని, మెతుకు మిగలకుండా తిన్నారు. నా వంతు నేను తిన్నాను. అమ్మ తినమందని గుర్తుంది. ఉంచమందని కూడా గుర్తుంది.

ఆ పప్పు అయిపోయేదాకా అదే వండింది. అప్పటిదాకా కొత్త పప్పు గోనెల మీద అలాగే ఉంది. అయ్యాక డబ్బా కడిగి, ఎండబెట్టి, ఒక ఉదయం కుంచం తీసింది. నేను నా చోట కూర్చున్నాను.

"లాభం" అంది నాయనమ్మ. పోసింది.

కుంచం మళ్లీ నింపింది. "రెండు" అంది.

బాబాయి తల ఎత్తి చూశాడు. "మూడు" అంది. "నాలుగు" అంది. కొట్లో అంటున్నట్టే, ఆగకుండా, ఒకే గొంతుతో. నడుమ తలుపు దగ్గరికి తాతయ్య వచ్చి నిలబడ్డారు. తన వంతు వినపడలేదని వచ్చినట్టున్నారు. చూసి, వెళ్లి మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. "అయిదు" అంది నాయనమ్మ. వాటిలో నాది ఎన్నోదో నాకు తెలియలేదు. ఎప్పుడు పలకాలో తెలియక, చివరిదాకా పలకకుండానే కూర్చున్నాను.

ఈ సాయంత్రం చెల్లెలు మళ్లీ ఫోను చేసింది, కొర్రలు నానబెట్టానో లేదో కనుక్కోవడానికి. నానబెట్టానని చెప్పాను. తర్వాత ఎందుకో ఈ సంగతంతా చెప్పాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. మధ్యలో మాట్లాడకుండా వింది. అది తన స్వభావం కాదు.

విన్నాక అడిగింది. "మరి నన్ను ఏమని పిలిచేదక్కా? పోసేటప్పుడు?"

"నిన్ను పిలవలేదు. నువ్వు పుట్టేటప్పటికే మానేసింది."

"నా వంతు పొయ్యలేదా?"

"పోసేది. అంకెల్లో ఎక్కడో ఉండేది."

"ఎన్నోదో తెలీదా?"

"తెలీదు."

తర్వాత, రేపు పొద్దున్న సొరకాయ వండుకోమని, పప్పు అందులోనే వేసుకోమని, ఉప్పు చూసి వేసుకోమని చెప్పి పెట్టేసింది.

నాయనమ్మ పోయాక ఆ కుంచం ఎవరికి వెళ్లిందో నాకు తెలియదు. కొట్టు అమ్మేశారు. ఇప్పుడు ఇక్కడ నేను, అక్కడ తను, ప్యాకెట్టు కత్తిరించి పప్పు సీసాలో పోసుకుంటాం. కొలవం. పోసేటప్పుడు ఎవరినీ పిలవం.